ఒక్క వాక్యమూ రాయని సంపాదకుడు

మా వారపత్రికకి యజమాని, సంపాదకుడు, ప్రచురణకర్త, ముద్రాపకుడు అంతా ఒకే మనిషి. ఆ హోదాలన్నీ చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళం. ఆయన దగ్గర నేను తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన సొంతంగా ఒక్క వాక్యం రాయటం నేను చూడలేదు. సంతకం మాత్రం చాలా అందంగా పెట్టేవాడు.

నేను బీఎడ్ పూర్తి చేసి, డీయస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఆయన ప్రెస్సులో శుభలేఖలు టైపు చెయ్యటానికి చేరాను. గుంటూరు మిర్చి యార్డుకి లారీలు పోయే రోడ్డు మీద ఉన్న చిన్న పట్నం అది. మాది దానికి ఐదు మైళ్ళ దూరంలో పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిరప కోతలకీ, పత్తి తీతలకీ వెళ్ళి నన్ను చదివించింది. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివేది నేనే కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తి పలకాలో నాకు బాగా తెలుసు. ఆయనకి నాలో నచ్చింది అదే. ఒకసారి ఒక శుభలేఖలో నేను దిద్దిన తప్పులు చూసి, "అమ్మాయ్, ఇక పేపరు కూడా నువ్వే చూసుకో" అన్నాడు. అప్పటిదాకా పేపరు చూసుకున్న ముసలాయన అంతకు ముందు నెలలోనే మానేశాడు. ఎందుకు మానేశాడో నేను అడగలేదు.

పత్రిక ఎందుకు పెట్టాడో ఆయనే అందరికీ చెప్పేవాడు. తండ్రి ఇచ్చిన పత్తి జిన్నింగు మిల్లు ఉంది, సొంత ప్రెస్సు ఉంది, కారు ఉంది. అన్నీ ఉండి ఒకరోజు ఏదో పని మీద పెద్ద ఆఫీసరు దగ్గరికి వెళితే గంటన్నర బయట బల్ల మీద కూర్చోబెట్టారట. లోపల ఒక విలేకరి కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడట. ఇంటికొచ్చిన వెంటనే పత్రిక రిజిస్ట్రేషనుకి దరఖాస్తు పెట్టాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన సిగ్గుపడేవాడు కాదు. పైగా అదొక గొప్ప పట్టుదల కింద చెప్పేవాడు. ప్రజల కష్టాలు చూడలేక పెట్టానని చెప్పాలని తర్వాత రాజకీయాల్లోకి వచ్చాక నేనే రాసిచ్చాను.

ప్రతి మంగళవారం పొద్దున నా టేబుల్ దగ్గరికి వచ్చేవాడు.

"అమ్మాయ్, ఈ వారం గవర్నమెంటుని కడిగెయ్."

"ఏ విషయం మీద సార్?"

"విషయం నువ్వు చూసుకో. కడగటం ముఖ్యం."

బస్టాండులో మరుగుదొడ్లు, మార్కెట్ దగ్గర మురుగు, కాలవకి రాని నీళ్ళు, ఏదో ఒకటి పట్టుకుని కడిగేదాన్ని. ఒక్కో వారం వచ్చి, "ఈసారి కడగమాక. పొగుడు. మంత్రిగారు వస్తున్నారు" అనేవాడు. పొగిడేదాన్ని. కిందటి వారం మురుగు ఈ వారం అభివృద్ధి అయ్యేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. చదివేవాళ్ళలో చాలామంది ఆయన ఫొటో ఎక్కడ పడిందో చూసి పక్కన పడేసేవాళ్ళు.

ఫొటో విషయంలో మాత్రం ఆయన చాలా శ్రద్ధ పెట్టేవాడు. ఆయన పుట్టినరోజున ప్రభుత్వాసుపత్రిలో పళ్ళు పంచటానికి వెళ్ళాం. ఆయన చేతిలో ఒకే ఒక అరటిపళ్ళ గెల ముక్క ఉంది. మొదటి మంచం మీద ఉన్న ముసలామె చేతిలో పెట్టి కెమెరా వైపు తిరిగి నవ్వాడు. ఫొటో తీశాను. ఆ పళ్ళు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని రెండో మంచం దగ్గరికి నడిచాడు. ఆమె ఖాళీ చేతులు కొంచెంసేపు అట్లాగే చాపి ఉంచింది. ఏడు మంచాలు అయ్యాక చివరి మంచం మీద వాళ్ళకి ఒకటి మిగిల్చాడు. మిగతావి డ్రైవరు కారులో పెట్టాడు. "రోగులకు పండ్ల పంపిణీ" అని ఫొటో కింద రాసింది నేనే.

ఇంతవరకూ ఆయన ఒక మామూలు అల్పుడు. ప్రతి పట్నంలోనూ అట్లాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆయన్ని అంతకంటే పెద్దవాడిని చేసింది మిరప విత్తనాలు.

ఒక ఏడాది మిరప కోతలు ముమ్మరంగా సాగాల్సిన రోజుల్లో అమ్మ ఇంట్లోనే ఉండటం గమనించి అడిగాను, "కోతలకి పోలేదేం?" అని.

"కోయటానికేముందమ్మే? చెట్టు నిండా ఆకే. కాయ పడలా" అంది. "మూడూళ్ళ వాళ్ళదీ అంతే. ఒకే కొట్లో గింజలు కొన్నారంట."

ఆ తర్వాత నాలుగు రోజులకి ఒక కౌలు రైతు మా ఆఫీసుకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. భుజం మీద కండువాలో చుట్టిన మిరప చెట్టు ఒకటి, వేళ్ళతో సహా పీకింది, తెచ్చి నా టేబుల్ మీద ప్రూఫుల మీద పెట్టాడు. మట్టి కాగితాల మీద రాలింది.

"ఇదేం చెట్టో చెప్పమ్మాయ్."

"మిరపచెట్టేగా బాబాయ్."

"కాయ ఏది మరి?"

చెట్టు నా ఛాతీ ఎత్తు ఉంది. ఆకు పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. కొమ్మలన్నీ తిప్పి చూశాను. ఒక్క కాయ లేదు. ఆయన ఏడవలేదు, అరవలేదు. నేను ఒక్కో కొమ్మా తిప్పుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

రెండు రోజులు బస్సుల్లో తిరిగి ఆ మూడు ఊళ్ళ చేలూ చూశాను. విత్తనాల సంచులు, బిల్లులు, చెట్లు అన్నీ ఫొటోలు తీశాను. రైతులతో మాట్లాడాను. కోత పనులు పోయిన ఆడవాళ్ళతో కూడా మాట్లాడాను, ఎందుకంటే వాళ్ళలో అమ్మ ఉంది. అరపేజీ వార్త రాశాను. విత్తనాలు అమ్మిన వ్యాపారి పేరు, కొట్టు పేరు రాశాను. ఆయన మా పత్రిక మొదటి పేజీ ప్రకటనదారు.

మా సంపాదకుడు చదివి కళ్ళజోడు తీశాడు. "అమ్మాయ్, నీకేమన్నా పిచ్చా? ఎవరి మీద రాశావో తెలుసా?" అని కాగితాలు సొరుగులో పడేశాడు.

అవి రెండు వారాలు ఆ సొరుగులోనే ఉన్నాయి. మూడో వారం ఆ వ్యాపారి కొత్త షోరూమ్ తెరిచాడు. ప్రారంభోత్సవానికి ఒక పెద్ద దినపత్రిక విలేకరిని స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మా సంపాదకుడికి కింద మూడో వరసలో కుర్చీ వేశారు. ఆయన అక్కడినుంచి తిన్నగా ఆఫీసుకి వచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ విత్తనాల ముక్క ఉందిగా, వేసెయ్. పేరుతో సహా వెయ్. కొట్టు ఫొటో కూడా వెయ్."

నా జీవితంలో నేను రాసిన ఒకే ఒక్క మంచి వార్త అలా అచ్చయింది.

గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఎనిమిదింటికి ఆ కొట్టు ముందు రోడ్డు మీద మిరపచెట్లు పట్టుకున్న మనుషులే. గుంటూరు వైపు పోయే లారీలు రెండు మైళ్ళు ఆగిపోయాయి. వ్యవసాయ అధికారులు జీపుల్లో వచ్చారు. మధ్యాహ్నానికి కొట్టుకి తాళం పడింది. అప్పుడు ఆ జనమంతా మా ఆఫీసుకి వచ్చారు. ఒకాయన చేతిలో బంతిపూల దండ ఉంది.

"ఆ వార్త రాసిందెవరండీ?" అని కింద నుంచి కేకేశారు.

మా సంపాదకుడు మెట్లు దిగి వెళ్ళి, "నేనే" అన్నాడు.

నేను ఆయన వెనకే, మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆ కౌలు రైతు గుంపు మధ్య నుంచి నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ రోజే నోరు విప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నన్ను నేను ఓదార్చుకోవటమే. విప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది, ఆయన ఎట్లాగూ రాజకీయాల్లోకి వెళ్ళేవాడు. దండ వేశారు. ఇద్దరు మనుషులు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అందులో ఒకరు ఆ కౌలు రైతే. పైన కూర్చుని చేతులు ఊపుతున్న మా సంపాదకుడి మొహంలో అంత ఆనందం నేను ముందెప్పుడూ చూడలేదు. బయట బల్ల మీద గంటన్నర కూర్చున్న మనిషికి కూర్చోవటానికి మనుషుల భుజాలు దొరికాయి.

నెల తిరక్కుండా తెల్ల ఖద్దరు కుట్టించుకున్నాడు. పత్రికలో తన పేరు ముందు "రైతుబిడ్డ" అని వెయ్యమన్నాడు. పత్తి రైతు తెచ్చిన సరుకుకి తూకం దగ్గర వంకలు పెట్టే మిల్లులో పుట్టి పెరిగిన మనిషి. వేశాను.

తర్వాత పాదయాత్ర. మిర్చి రైతుల కోసం పట్నం నుంచి గుంటూరు దాకా కాలినడకన వెళతానని ప్రకటించాడు. పత్రికలో ప్రకటించింది నేను. మెడలో ఎండు మిరపకాయల దండ వేసుకుని బయల్దేరాడు. ఊరి పొలిమేర దాకా నడిచాడు. అక్కడ ఫొటోలు అయ్యాక కారెక్కాడు. ఊరు వచ్చిన ప్రతిసారీ అర మైలు ముందే దిగి, ఊరు దాటాక మళ్ళీ ఎక్కేవాడు. వెనక సీట్లో నేను కూర్చుని ఏ ఊళ్ళో ఏం మాట్లాడాలో కాగితాల మీద రాసిచ్చేదాన్ని.

ఎండ ముదిరేసరికి చెమట పట్టి, ఆ మిరపకాయల ఘాటు మెడంతా అంటుకుంది. సత్తెనపల్లి దాటేటప్పటికి ఆయన కారులో కాళ్ళు తన్నుకుంటున్నాడు. "ఈ దండ ఎవడు గుచ్చాడ్రా, పచ్చడి చేస్తా వాణ్ణి" అని డ్రైవరు మీద అరిచాడు. దారిలో హోటల్ దగ్గర ఆపి పెరుగు తెప్పించి మెడకి పూసుకున్నాడు. దాని మీద కండువా కప్పుకుని తర్వాతి ఊళ్ళో దిగి, "మీ మంట నా గుండెలో మండుతోంది" అన్నాడు. ఆ వాక్యం నాదే. అది చప్పట్లు కొట్టించిన వాక్యం.

ఇంటికి వెళ్ళి అమ్మకి చెబితే పగలబడి నవ్వింది. అమ్మ చేతివేళ్ళు కోతల రోజుల్లో ఎప్పుడూ మంటతోనే ఉంటాయి. కొబ్బరినూనె రాసుకుని, అన్నం స్పూనుతో తినేది. "ఓ పూటకే అంత గోల చేశాడా?" అంది. ఆయన ఉపన్యాసాల్లో రైతు ఉండేవాడు, రైతు భార్య ఉండేది. కోతలకి పోయే ఆడవాళ్ళు ఒక్కసారి కూడా లేరు. రాసింది నేనే కదా. ఎందుకు చేర్చలేదంటే, చేరిస్తే ఆయన కొట్టేస్తాడని నాకు ముందే తెలుసు. కొట్టేసేవి ముందే మానెయ్యటం నాకు బాగా అలవాటైంది.

ఎన్నికలు వచ్చాయి. ఆయన మొదట చేరిన పార్టీ టికెట్ ఇవ్వలేదు. ఆయన కెమెరాల ముందు ఏడ్చాడు. ఆ ఏడుపులో కల్తీ లేదు, అదొక్కటీ ఒప్పుకోవాలి. మూడో రోజుకి రెండో పార్టీ కండువా కప్పుకున్నాడు. అంతకు ముందు వారమే మొదటి పార్టీ నాయకుడి మీద "ఆపద్బాంధవుడు" అని పేజీ నిండా వ్యాసం వేశాం.

"ఇప్పుడు రెండో ఆయన మీద రాయాలిగా సార్" అన్నాను.

"మళ్ళీ రాయటమెందుకు? ఆ పాతదే తీసి పేరు మార్చు. సరిపోయిద్ది."

మార్చాను. ఒకచోట మాత్రం పాత పేరు ఉండిపోయింది. పత్రిక అచ్చై, పంచాక చూసుకున్నాను. రెండు రోజులు భయపడ్డాను. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

ఆయన గెలిచాడు. ఆ గాలిలో ఆ పార్టీ ఎవరిని నిలబెట్టినా గెలిచేవాళ్ళే, కానీ ఆ మాట ఆయనకి చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎమ్మెల్యే అయిన రెండో నెలలో ఒక పొద్దున ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి హాల్లో సోఫాలో ఆ విత్తనాల వ్యాపారి కూర్చుని పెసరట్టు తింటున్నాడు. ఎన్నికల ముందు ఎప్పుడో ఇద్దరికీ సంధి కుదిరింది. నష్టపరిహారం సంగతి తేల్చటానికి వేసిన అధికారుల విచారణ అప్పటికింకా నడుస్తోంది.

"అమ్మాయ్, ఆ విత్తనాల విషయం మీద ఒక మంచి ముక్క రాయాల. తప్పు గింజలది కాదంట. రైతులే మందులు ఎక్కువ కొట్టి పూత రాలగొట్టుకున్నారంట."

"ఎవరన్నారు సార్?"

"మనం అంటున్నాంగా."

వ్యాపారి నా వంక చూడలేదు. అల్లం పచ్చడి ఇంకాస్త వెయ్యమని లోపలికి కేకేశాడు.

నేను రాశాను. డీయస్సీ పడలేదని, వేరే పని దొరకదని, అమ్మకి ఒంట్లో బాగుండటం లేదని సాకులు చాలా చెప్పగలను. అవన్నీ నిజాలే. కానీ ఆ ముక్క రాయటానికి నాకు ముప్పావుగంట కూడా పట్టలేదు. మధ్యలో లేచి టీ కూడా తాగాను. "సస్యరక్షణలో అజాగ్రత్తే కారణం" అని శీర్షిక పెట్టి, అది పెద్ద అక్షరాల్లో బాగుందో లేదో కొంచెం వెనక్కి జరిగి చూసుకున్నాను. ఆయన మీద నాకు ఎంత చులకన ఉందో, ఆ రోజు నా మీద నాకు అంతే ఉండాల్సింది. కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది.

తర్వాతి వారం ఆ కౌలు రైతు వచ్చాడు. చేతిలో మా పత్రిక మడతపెట్టి ఉంది.

"ఇది రాసిందెవరమ్మాయ్?"

"నేనే బాబాయ్."

"మొదటిదీ నువ్వే రాశావు. నాకు తెలుసు. ఇదీ నువ్వేనా?"

"అవును."

"నా చేలో నువ్వే తిరిగావుగా. మందు ఎక్కువైందని అప్పుడే చెప్పకపోయావా? ఆఫీసుల చుట్టూ ఇంత తిరిగేవాళ్ళం కాదు" అన్నాడు. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

సరిగ్గా అప్పుడే కింద కారు ఆగింది. ఎమ్మెల్యే గారు గన్‌మెన్‌తో మెట్లెక్కి వచ్చారు. రైతు లేచి నమస్కారం పెట్టాడు. మా సంపాదకుడు అలవాటు ప్రకారం రైతు భుజం మీద చెయ్యి వేసి ఫొటోగ్రాఫరు వైపు తిరిగాడు.

"ఏ ఊరు పెద్దాయనా మనది?"

తన్ను భుజాల మీద మోసిన మనిషి. రైతు ఊరి పేరు చెప్పాడు.

"ఆ ఊరికి రోడ్డేయిస్తా."

"రోడ్డుందండి" అన్నాడు రైతు.

"అయితే ఇంకోటేయిస్తా" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రైతు పత్రికని నా టేబుల్ మీద పెట్టి మెట్లు దిగాడు. ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు. కౌలు వదిలేసి చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లుకి వాచ్‌మన్‌గా వెళ్ళాడని అమ్మ చెప్పింది. పరిహారం ఎవరికీ రాలేదు.

రైతు వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం అమ్మతో అంతా చెప్పుకున్నాను. సంపాదకుణ్ణి తిట్టాను, వ్యాపారిని తిట్టాను. అమ్మ అడ్డు చెప్పకుండా విని, "ఆయనకి రాయటం రాదంటివిగా. మరి ఎట్టా అచ్చయింది?" అంది.

మర్నాడు వెళ్ళి ఇక రానని చెప్పాను.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడాయన ఫోన్ చూసుకుంటూ.

"లేదండి. ఇక రాయలేను."

"సర్లే. నీలాగా తప్పుల్లేకుండా రాసేవాళ్ళని ఎవరినన్నా చూపించి పో."

తొమ్మిదేళ్ళకి అదీ వీడ్కోలు. నేను ఎవరినీ చూపించలేదు. ఎవరో దొరికారు. తర్వాతి సంచికలో "శ్రద్ధాంజలి" అని వెయ్యాల్సిన చోట "శుభాకాంక్షలు" పడింది. చనిపోయిన పెద్దమనిషి కొడుకులు ఆఫీసుకి వచ్చి గొడవ చేశారని విన్నాను. కొంచెం సంతోషించాను కూడా, ఎందుకు దాచటం.

రెండోసారి ఎన్నికల్లో ఆయన చిత్తుగా ఓడిపోయాడు. అన్యాయాన్ని ఎదిరించి జనం ఓడించారని అనుకోవటానికి లేదు. గాలి మళ్ళింది, అంతే. ఈసారి గెలిచినాయనకి కూడా ఆ వ్యాపారి ఫ్లెక్సీలు కట్టించాడు. ఓడిపోయాక పత్రిక నాలుగు వారాలు వచ్చి ఆగిపోయింది. దాని అవసరం తీరిపోయింది. ప్రెస్సు ఉన్న గదుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది.

నాకు ఆ మధ్యలో డీయస్సీలో ఉద్యోగం వచ్చింది. వినుకొండ దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. నిరుడు వార్షికోత్సవానికి మా హెడ్మాస్టారు ముఖ్య అతిథిగా మా పాత సంపాదకుణ్ణే పిలిచారు. ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా ఆయనే అడిగించుకున్నాడని తర్వాత తెలిసింది. బాగా లావయ్యాడు. జుట్టుకి నల్లరంగు వేశాడు. పిల్లల్ని ఎండలో వరసల్లో కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. కాగితం లేదు, అందుకే మూడుసార్లు మొదటికి వచ్చాడు. ఆరో తరగతి పిల్ల ఒకతి కళ్ళు తిరిగి పడిపోతే నీళ్ళు చల్లి నీడకి తీసుకెళ్ళాం. ఆయన ఆపలేదు.

చివర్లో వందన సమర్పణ నన్ను చెయ్యమన్నారు. మైకు దగ్గరికి వెళ్ళి, "వచ్చినందుకు ధన్యవాదాలు. పిల్లలందరూ నీడలోకి వెళ్ళండి" అని చెప్పి దిగాను. హెడ్మాస్టారి మొహం మాడిపోయింది.

అప్పుడు గుర్తుపట్టాడు నన్ను. "నువ్వా అమ్మాయ్! ఇక్కడున్నావా? ఇంకో నాలుగు ముక్కలు చెప్పకపోయావా నా గురించి? నీకు తెలియందేముంది?" అన్నాడు సంతోషంగా. పక్కకి తప్పుకున్నాను. ఆయనకి అది అర్థం కాలేదు. కారెక్కుతూ అద్దం దించి హెడ్మాస్టారిని పిలిచి, "ప్రెస్సోళ్ళు ఎవరన్నా వచ్చారా?" అని అడిగాడు. ఎవరూ రాలేదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఇంటికి వెళ్ళి ఫలానా ఆయన వచ్చాడని చెప్పాను.

"ఎట్టా ఉన్నాడు?" అంది.

"బాగానే ఉన్నాడు."

"ఉంటాడులే" అని, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.